రెండు గీతల బోర్డులు

ట్రయల్ మూడో రోజు

ప్రియమైన పుల్లలమ్మకి,

నువ్వు పత్తి కట్టె యార్డుకి వెళ్ళి పదకొండు రోజులైంది. ఫోన్ చెయ్యడం లేదని నీ కోపం. రెండుసార్లు చేశానుగా! నువ్వక్కడ కట్టెని ముక్కలు చేసే చిప్పర్ మిషన్ పక్కన నిలబడి మాట్లాడతావు, నేనిక్కడ ఫ్యాక్టరీలో ప్రెస్ పక్కన నిలబడి వింటాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అందుకే ఈ పద్ధతి పెట్టాను. నీ దగ్గర్నుంచి లోడు తెచ్చే లారీ ఎలాగూ మూడు రోజులకోసారి ఖాళీగా వెనక్కి వస్తోంది. డ్రైవర్ మీసాలాయన చేతిలో ఒక కవరు పెడితే ఆయనకేం బరువు? పెళ్ళైన కొత్తలో కూడా నీకు ఉత్తరం రాయలేదు నేను. పదహారేళ్ళ తర్వాత రాస్తున్నా, తప్పులుంటే నవ్వుకో.

ట్రయల్ మొదలైంది. ఇన్నేళ్ళూ చెట్ల కలపతో బోర్డు చేసిన ఫ్యాక్టరీ మొదటిసారి పత్తి కట్టెతో చేస్తోంది. చేలో పత్తి ఏరేశాక మిగిలే ఎండు మొక్కలతో బల్లలూ బీరువాలూ తయారవుతాయంటే గేటు దగ్గర టీ అమ్మే ఆవిడ ఇంకా నమ్మడం లేదు. నువ్వు పంపిన ముక్కలు డ్రయ్యర్‌లో ఆరి, జిగురు పట్టించుకుని, పరుపులా పరుచుకుని ప్రెస్ కిందికి వెళ్తున్నాయి. మన పొడుగాయన మీట నొక్కుతున్నాడు. బయటికొచ్చిన బోర్డు చూడ్డానికి బాగానే ఉంది. రంగు కాస్త ముదురు, అంతే.

తట్టి చూస్తేనే నాకు తృప్తిగా లేదు. నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, అయినా రాస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. ముక్కల్లో తేమ మిగిలిపోతే అది ప్రెస్‌లో ఆవిరై బోర్డు లోపల పొరని విడదీస్తుంది. పైకి ఏమీ కనపడదు. కర్రతో తట్టితే మంచి బోర్డు ఖంగుమంటుంది, పొర విడిపోయింది దబ్బుమంటుంది. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదొక్కటే. సందేహం ఉంటే అంచున సుద్దతో ఒక గీత, కచ్చితంగా తెలిస్తే రెండు గీతలు. ఏ గీత పడినా ఆ బోర్డు వెనక షెడ్డులోకే. అప్పుడెప్పుడో సందేహం ఉండి కూడా వదిలేసిన బోర్డు ఒకటి లైబ్రరీలో అల్మరా అయి, విరిగి, ఒకావిడ కాలు మీద పడింది. ఆ తర్వాత నేను సందేహాన్ని వదలలేదు.

రోజుకి నలభై బోర్డులు చేస్తున్నాం. నిన్న ఎనిమిదింటి మీద గీత పడింది. ఇవాళ తొమ్మిది. మేనేజర్ గారి షరతు గుర్తుందిగా? ముప్పై రోజుల ట్రయల్‌లో గీత పడినవి వందకి పది దాటకూడదు. దాటితే మళ్ళీ కలపే, నీ యార్డుకి తాళమే. కట్టె బాగా ఎండుతోందా? ఊరికే అడుగుతున్నా.

అమ్మ బాగానే ఉంది. ఆవిడకి వినపడాలని అరిచి అరిచి నా గొంతు పోయింది. నువ్వు లేక అరుపులన్నీ నా వంతే.

నీ చెవిగారు


ట్రయల్ అయిదో రోజు

ప్రియమైన చెవిగారికి,

ఫ్యాక్టరీ మొత్తం మిమ్మల్ని అలా పిలుస్తుంది కదా అని నేనూ పిలుస్తున్నా. "ఊరికే అడుగుతున్నా" అన్నారు చూడండి, అక్కడ ఒళ్ళు మండింది. మీరు ఊరికే ఏదీ అడగరని పదహారేళ్ళుగా నాకు తెలుసు.

నా కట్టె ఎండే ఉంది. మొక్కని వేళ్ళతో సహా పీకించి, మట్టి దులిపించి, వారం రోజులు చేలోనే నిలబెట్టించి, అప్పుడు యార్డుకి తెప్పిస్తున్నా. విరిస్తే టప్పుమని విరగాలి. వంగితే వెనక్కే. ప్రతి లోడుకీ కుప్ప పైనుంచి ఒక గుప్పెడు, నడుమ నుంచి ఒక గుప్పెడు, అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి తూస్తాను. ఓవెన్‌లో ఎండబెట్టి మళ్ళీ తూస్తాను. తగ్గిన బరువే తేమ. లోడుతో పంపే స్లిప్పులో నేను ఎంత రాస్తే డ్రయ్యర్ దగ్గర అంత మంట పెడతారు. తప్పు రాస్తే మీ ప్రెస్‌లో ఏమవుతుందో నాకు తెలియదా? మీ అన్నంలో రాయి వచ్చిందని నామీద అరవండి, పడతాను. నా స్లిప్పు జోలికి రాకండి.

ఇక్కడి సంగతి వినండి. మొదట్లో రైతులు నన్ను చూసి నవ్వారు. ఏటా ఈ కట్టెని చేలోనే కుప్పేసి తగలబెట్టేవాళ్ళు. వారం పాటు ఊళ్ళో దగ్గులేనట. ఇప్పుడు బండ్లకెత్తి వాళ్ళే తెస్తున్నారు, ఆ నవ్విన పెద్దాయనతో సహా. నాకు పుల్లలమ్మ అని పేరు పెట్టింది ఆయనే. పుల్లలు ఏరడమే తప్ప పెట్టడం రాదని చెప్పాను. యార్డులో ముప్పై ఎనిమిది మంది పని చేస్తున్నాం, అందులో ముప్పై మంది ఆడవాళ్ళే. పత్తి అయిపోయాక ఈ నెలల్లో వాళ్ళకి పనే ఉండేది కాదు. చిప్పర్‌కి పత్తి బెరడు తాడులా చుట్టుకుంటుంది. గంటకోసారి ఆపి కత్తితో కోసి తీస్తున్నారు, ఒక్కరు విసుక్కోవడం లేదు. పొద్దున్నే వచ్చి నన్ను అడిగే మొదటి మాట ఏమిటో తెలుసా? "మన బోర్డు పాసయిందా అమ్మా?" అని. ఏం చెప్పను?

నా గది రేకుల గది. తూకం పక్కనే. కిటికీ తెరిస్తే కట్టె దుమ్ము, మూస్తే ఉడుకు. అయినా నాకు నచ్చింది. నన్ను అమ్మా, మేడమ్ అని పిలిచే చోట ఇన్నాళ్ళకి పని చేస్తున్నా. ఇది పోతుందేమోనని భయంగా ఉందండీ. పైకి కోపంగా రాస్తున్నా గానీ లోపల భయమే.

అత్తయ్యకి మోకాలి నూనె అలమర కింది అరలో ఉంది.

మీ పుల్లలమ్మ


ట్రయల్ పదకొండో రోజు

ప్రియమైన పుల్లలమ్మకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ స్లిప్పు జోలికి రాను. కానీ చెప్పక తప్పదు. నిన్న నలభైలో పదమూడు. ఇవాళ పన్నెండు. అన్నీ ఒక్క గీతవే, రెండు గీతలది ఒక్కటీ లేదు. సందేహం, సందేహం, సందేహం. ఒక్కటైనా నిక్కచ్చిగా దబ్బుమంటే నాకు హాయిగా ఉండేది. అలా అనదు, ఖంగుమనీ అనదు.

మేనేజర్ గారు నిన్న నన్ను ఆఫీసుకి పిలిచారు. పాసైన బోర్డుల్లోంచి రోజుకో ముక్క కోసి బలం చూస్తున్నారు. అది బాగానే ఉందట. "ముక్క బాగుంది, మీ చెవి బాలేదంటోంది. ఏది నమ్మాలి?" అన్నారు. ఆయనే మళ్ళీ, "ఇరవై రెండేళ్ళుగా మీ చెవి తప్పలేదు. కట్టె తడిగా వస్తోంది, మీ ఆవిడని అడగండి" అన్నారు. అక్కడ అందరి ముందూ నీ పక్షాన మాట్లాడాను. మాట్లాడి బయటికొచ్చి కర్ర పట్టుకుంటే మళ్ళీ అదే చప్పుడు. నీ కోసం గీత పెట్టడం మానేయమంటావా? ఆ లైబ్రరీ అల్మరా కళ్ళ ముందు ఆడుతుంది. మానలేను.

ఇంకో సంగతి. మొన్న బోర్డులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు హారన్ కూడా కొట్టకుండా వెనకనుంచి వచ్చేశాడు. పొడుగాయన నా చొక్కా పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది. వాడిని బాగా తిట్టాను. ఈ మధ్య ఎవరికీ ఒళ్ళు దగ్గర లేదు.

అక్కడ మబ్బు పడుతోందని మీసాలాయన చెప్పాడు. వాన వచ్చినా లోడు ఆపకు. ముక్కలు నిల్వ ఉంచే బంకరులో నాలుగు రోజులకే సరుకుంది. ప్రెస్ ఒక్కరోజు ఖాళీగా నిలబడినా ట్రయల్ ఫెయిలైనట్టే రాసుకుంటానని మేనేజర్ గారు నా మొహం మీదే అన్నారు. లారీని తొందరగా పంపు.

నీ చెవిగారు


ట్రయల్ పదిహేనో రోజు

చెవిగారికి,

రెండు రోజులు వాన. ఇవాళ తెరిపిచ్చింది. లారీ గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది, మీసాలాయన హారన్ మీద హారన్. లోడు పంపిస్తున్నా. స్లిప్పులో తేమ పన్నెండు శాతం అని రాశాను.

హారన్ అంటే గుర్తొచ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ ఆయన మూడుసార్లు హారన్ కొట్టాడట. మీసాలాయన అక్కడే ఉన్నాడట. ఆయన్ని ఊరికే తిట్టారు.

ఇంతకంటే రాయడానికి టైం లేదు. ఒళ్ళు జాగ్రత్త.

మీ
పుల్లలమ్మ


ట్రయల్ పద్దెనిమిదో రోజు

ప్రియమైన పుల్లలమ్మకి,

నీ చీటీ చదివి అంత కోపమా అనుకున్నాను. సరే, పడ్డాను.

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్నటి నలభైలో మధ్యాహ్నం షిఫ్టులో చేసిన తొమ్మిది బోర్డులు రెండు గీతలవి. మొదటిసారి. చెవి దాకా కూడా అక్కర్లేకపోయింది, కర్ర పట్టుకున్న మణికట్టుకే తెలిసిపోయింది. ఇంకో పదకొండింటి మీద ఒక్కో గీత. అంటే నలభైలో సగం. మేనేజర్ గారు వచ్చి షెడ్డులో గుట్ట చూశారు. సాయంత్రం ఆఫీసులో కాగితం టైపు చేయించారు. అది యార్డు మూసేసే కాగితం. సంతకం ముప్పయ్యో రోజున పెడతారట. "ఒక లాంఛనం, అంతే" అన్నారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే అమ్మ ఏమైందని అడిగింది. నాలుగుసార్లు అడిగిందట. నేను పలక్కపోయేసరికి, "ఇంట్లో చెవిటిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నానే" అంది. నవ్వాలనిపించలేదు.

సిగ్గుపడుతూ ఒక మాట రాస్తున్నా. నువ్వు ఇంటికొచ్చేస్తావని ఒక్క క్షణం సంతోషం వేసింది. వెంటనే ఆ ముప్పై మంది ఆడవాళ్ళ ప్రశ్న గుర్తొచ్చింది, బోర్డు పాసయిందా అని. నన్ను క్షమించు. నా చెవికి అబద్ధం నేర్పలేను.

నీ
చెవిగారు


ట్రయల్ ఇరవయ్యో రోజు

ప్రియమైన మీకు,

ఇవాళ ఆ ముద్దుపేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. కూర్చుని చదవండి. అత్తయ్య ఎదురుగా చదవకండి.

మీకు సరిగా వినపడడం లేదు.

రాసేశాను. ఏడాది నుంచి నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట. కుక్కర్ కూత మీకు వినపడదు. నేను లేని రోజున పప్పు మాడిపోయి, గిన్నె నల్లబడితే, విజిల్ పాడైందని కొత్తది తెచ్చారు. కొత్తదీ వినపడలేదు. గేటు బెల్లు పాడైందన్నారు. ఫోన్‌లో నా గొంతు సరిగా రావడం లేదన్నారు. మగవాళ్ళు మాట్లాడితే అంతో ఇంతో అందుకుంటారు, సన్నటి గొంతులైతే పెదాలు చూస్తారు. అత్తయ్య కోసం ఇంట్లో అందరం అరిచే మాట్లాడతాం కాబట్టి మీ సంగతి బయటపడలేదు. అంతేగానీ మీ చెవి బాగుండి కాదు.

ఇరవై రెండేళ్ళు ప్రెస్ పక్కన నిలబడ్డారు. అందరూ చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుంటే మీరొక్కరే పెట్టుకోలేదు. పెట్టుకుంటే బోర్డు చప్పుడు వినపడదన్నారు. ఎవరి చెవి మీద ఫ్యాక్టరీ మొత్తం ఆధారపడిందో ఆయన చెవినే ఆ ప్రెస్ తినేసింది. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట, ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో నర్సుని అడిగాను. మోత మిగులుతుంది, ఖంగు పోతుంది. కలప బోర్డు చప్పుడు మీకు ఇరవై రెండేళ్ళుగా అలవాటు. తక్కువ వినపడినా మిగతాది మనసే పూరించుకుంటుంది. ఈ పత్తి బోర్డు కొత్తది, తేలిక. దీని ఖంగు ఎలా ఉంటుందో మీరు ఒక్కసారైనా విన్నారా? వినకుండా లేదంటున్నారు.

నేను తప్పయితే తప్పని రాయండి. మీ షెడ్డులో ఒక్క గీత బోర్డులు గుట్టగా ఉన్నాయిగా, ఒకటి తీసి రంపం కింద పెట్టి నడిమికి కోసి చూడండి. లోపల పొర విడిపోయి ఉంటే నేను యార్డు తాళం నా చేత్తోనే వేసి వస్తాను. విడిపోకపోతే ఏం చెయ్యాలో నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు.

నాకు మీ మీద కోపం లేదు. భయం ఉంది. ఇంకోసారి ఆ ఫోర్క్‌లిఫ్ట్ వెనకనుంచి వస్తే చొక్కా పట్టి లాగేవాళ్ళు పక్కన ఉంటారో లేదో.

మీ
ఇల్లాలు


ట్రయల్ ఇరవై ఆరో రోజు

ప్రియమైన మీకు,

ఇరవై మూడో రోజు లారీ వచ్చింది. మీసాలాయన ఖాళీ చేతులు చూపించాడు. ఇవాళ మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఖాళీ చేతులే. "ఆయన బాగానే ఉన్నాడమ్మా, భోజనం టైంలో రంపం దగ్గర ఉంటున్నాడు" అన్నాడు. ఇంకేమైనా చెప్పాడా అని అడిగితే మీసం సవరించుకున్నాడు.

ఒక్క ముక్క రాయండి. తిట్టండి. "నీకేం తెలుసు" అని ఒక్క లైన్ రాసినా చాలు. ఇక్కడ కుప్పల మధ్య తిరుగుతూ ఏ లారీ చప్పుడు వినపడినా గేటు దాకా పరిగెత్తుతున్నా. ఆడవాళ్ళు నా మొహం చూసి బోర్డు సంగతి అడగడం మానేశారు. అది ఇంకా కష్టంగా ఉంది.

నేను రాయకూడనిది రాశానేమో. రాయాల్సింది రాయలేదేమో. ఏమిటో నాకే తెలియడం లేదు.

మీ
పుల్లలమ్మ


ట్రయల్ ఇరవై తొమ్మిదో రోజు

ప్రియమైన పుల్లలమ్మకి,

ఉత్తరం రాయలేదని కాదు. రాసి చించాను, మూడుసార్లు. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను. రెండోదాంట్లో నన్ను తిట్టుకున్నాను. మూడోది అమ్మకి దొరకబోయింది.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఒక్క గీత బోర్డు ఒకటి కోశాను. నిన్ను తప్పని నిరూపించడానికే కోశాను, అది నిజం. అంచు మీద వేలు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి రాశాను. ఎక్కడా విడిపోలేదు. బిస్కెట్టు ముక్కలా గట్టిగా, ఒకటే పొర. ఇదొక్కటే ఇలా అనుకుని రెండోది కోశాను. మూడోది. ఏడోది కోశాక రంపం ఆపి ఆ పొట్టులోనే కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలీదు. ఎవరో వచ్చి భుజం తట్టేదాకా సైరన్ కూసిందని కూడా తెలియలేదు.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ కూడా బోర్డులు తడుతూనే ఉన్నాను, గీతలు పెడుతూనే ఉన్నాను. అంతకంటే సిగ్గుపడాల్సింది నా బతుకులో లేదు. కర్ర వదిలేస్తే నేనెవర్ని? ఆ ఫ్యాక్టరీలో నా అసలు పేరు తెలిసినవాళ్ళు నలుగురుంటారేమో.

ఇరవై ఆరో రోజు పొద్దున టీ దగ్గర అందరూ ఉన్నప్పుడు చెప్పేశాను. "నాకు వినపడడం లేదండీ. గీతలు నా భయం పెట్టినవి, బోర్డు పెట్టినవి కాదు" అన్నాను. మేనేజర్ గారు నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. నేను ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నా. పొడుగాయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాడు. మేనేజర్ గారు నా వెనకనుంచి రెండుసార్లు పిలిచారట, మామూలు గొంతుతో. నా చుట్టూ ఉన్నవాళ్ళందరి మొహాలూ చూశాను. అప్పటికి అందరికీ అర్థమైంది. ఇంకే పరీక్షా అక్కర్లేకపోయింది.

తర్వాత రెండు రోజులు రంపం ఆగలేదు. షెడ్డులోని మూడు వందల నాలుగు బోర్డులూ కోశారు. రెండు వందల తొంభై అయిదు నిక్షేపంగా ఉన్నాయి. విడిపోయినవి తొమ్మిదే. మొత్తం చేసిన వెయ్యి బోర్డుల్లో తొమ్మిది! కలపతో కూడా మేము ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. మేనేజర్ గారు ఆ టైపు చేసిన కాగితం నా ముందే చించారు. నీ ముప్పై మందికీ చెప్పు, బోర్డు పాసయిందని. గట్టిగా చెప్పు.

నా కర్ర ఆఫీసులో ఇచ్చేశాను. చప్పుడు కొలిచే మిషన్ ఒకటి వస్తుందట. నన్ను స్టోర్స్‌లోకి మారుస్తారు. నిన్న చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే చెయ్యెత్తమన్నారు. నేను బుద్ధిగా ఎదురుచూస్తున్నా, ఇంకా మొదలుపెట్టలేదనుకుని. అప్పటికే సగం అయిపోయిందట. చెవికి మిషన్ పెట్టుకోమన్నారు. అమ్మ పెట్టెలో ఇంకోటి ఉంది, వాడకుండా పడేసింది, తీసుకోమంటోంది. ఆ ఒక్క మాటకి మాత్రం నవ్వొచ్చింది.

ఒక్క ముల్లు మిగిలింది. ఆ తొమ్మిది బోర్డులూ పదిహేడో రోజు మధ్యాహ్నం షిఫ్టువి, నేను రెండు గీతలు పెట్టినవే. అవి ఎలా దొరికాయో నాకే తెలీదు, అదృష్టం అనుకో. మేనేజర్ గారు మాత్రం ఆ పూట ప్రెస్ వేడి పడిపోయి ఉంటుందన్నారు. అంటే తప్పు పొడుగాయనది. వేడి చూపే ముల్లు సరైన అంకె మీదే ఉందని అతను ఒట్టేసి చెప్పాడు. అయిదేళ్ళ కిందట ఒకసారి ప్రెస్ దగ్గర కునికాడుగా, ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు. సోమవారం నుంచి లోడింగుకి మారుస్తున్నారు. ఈ వయసులో మూటలు ఎత్తాలి. పొద్దున నాతో, "నీకు చెప్పుకోవడానికి చెవి ఉంది, నాకు అదీ లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. అలా అన్నా బాగుండేది.

నువ్వు రాసింది నిజం. చదివినప్పుడు నిన్ను జన్మలో క్షమించకూడదనుకున్నాను. ఇప్పుడు అనుకుంటున్నా, ఇంత ధైర్యం చేసి నిజం రాసే మనిషి ఇంకెవరున్నారు నాకు?

నీ
ఏమని సంతకం పెట్టాలో తెలియని మనిషి


ట్రయల్ ముప్పై ఒకటో రోజు

ప్రియమైన చెవిగారికి,

అవును, ఆ పేరే రాస్తున్నా. చివరిదాకా చదవండి.

మీ ఉత్తరం అందగానే అందర్నీ పిలిచి బోర్డు పాసయిందని చెప్పాను. ఒకావిడ చేతిలో కట్టె పడేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. నవ్విన పెద్దాయన తలపాగా తీసి నా వైపు ఊపాడు. అందరూ గోల చేస్తుంటే మీ ఉత్తరంలో మిగతాది చదవడానికి గదిలోకి వచ్చాను. పొడుగాయన సంగతి దగ్గర ఆగిపోయాను.

పదిహేనో రోజు లోడు గురించి మీకు చెప్పాలి. రెండు రోజుల వానలో మూడో కుప్ప మీది పట్టా జారిపోయింది. తడిసి మగ్గిన అడుగు కట్టె లాగుతుంటే ఆవిరి వచ్చింది, చేతికి వెచ్చగా తగిలింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు నా మొహం చూశారు. లారీ హారన్ కొడుతోంది. ప్రెస్ ఒక్కరోజు ఆగినా ఫెయిలే అన్న మీ ఉత్తరం నా జేబులో ఉంది. నేను పైనుంచి ఒక్క గుప్పెడే తీశాను. అది ఎండే ఉంది, పన్నెండు వచ్చింది, పన్నెండనే రాశాను. నడుమ చూడలేదు, అడుగు చూడలేదు. డ్రయ్యర్‌లో పన్నెండుకి సరిపడా మంటే పెట్టారు. అబద్ధం రాయలేదు, చూడలేదంతే అని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత తొమ్మిది బోర్డులు. మీ పద్దెనిమిదో రోజు ఉత్తరంలో ఆ లైను చదవగానే నాకు అర్థమైపోయింది. అందులో పొడుగాయన తప్పు లేదు. ప్రెస్ తప్పు లేదు. ఆ తొమ్మిదీ నావి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మీ చెవి గురించి నేను రాసిన ఉత్తరం చూశారా, దాన్ని ధైర్యం అన్నారు మీరు. అందులో ప్రతి మాటా నిజమే. కానీ ఏడాదిగా రాయనిదాన్ని ఆ రోజే ఎందుకు రాశాను? తొమ్మిది బోర్డులు నా మెడకి చుట్టుకోబోతున్నాయని రాశాను. మీ చెవి తప్పని తేలితే తొమ్మిదీ ఆ తప్పుల గుట్టలో కలిసిపోతాయనుకున్నాను. ఒక్క గీత బోర్డు కోయమన్నాను గానీ రెండు గీతలది కోయమనలేదు, గమనించారా? మీరు అందరి ముందూ నిలబడి మీ తప్పు ఒప్పుకున్నారు. నేను రేకుల గదిలో కూర్చుని మీ తప్పు వెనక నా తప్పు దాచుకున్నాను. ఆ తప్పు ఇప్పుడు పొడుగాయన వీపు మీదికి ఎక్కింది.

ఈ లారీలో రెండు కవర్లున్నాయి. మేనేజర్ గారిది ముందు ఇవ్వమని మీసాలాయనతో ఒట్టు వేయించుకున్నాను. అందులో ఆ రోజు నేను ఏం చూశానో, ఏం చూడలేదో, స్లిప్పు నంబరుతో సహా రాశాను. ప్రెస్ దగ్గర, పొడుగాయన ముందు, పైకి చదవమని రాశాను. యార్డుకి ఇంకొకర్ని పంపుతారేమో. పంపితే ఆ వచ్చినవాళ్ళకి మూడు గుప్పెళ్ళ పద్ధతి నేనే నేర్పి వస్తాను. యార్డు నిలబడింది, అది చాలు. చాలని రాస్తున్నా గానీ మనసు ఒప్పుకోవడం లేదు. పొద్దున్నుంచి తూకం తుడుస్తూనే ఉన్నా.

ఇక మీకు చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. ఆ తొమ్మిదీ అదృష్టం అన్నారు. కాదు. మూడు వందల నాలుగింటిలో మీరు రెండు గీతలు పెట్టింది తొమ్మిదింటికే, విడిపోయిందీ ఆ తొమ్మిదే. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. మీ మణికట్టు సరిగ్గా విన్నది. అది తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే, అయినా పదకొండు రోజులు మీకు చెప్పలేదు. కర్ర ఇచ్చేసే రోజున మీకు ఈ మాట తెలిసి ఉండాల్సింది. అది నేను లాక్కున్నాను. క్షమించమని అడగను. మీరు ఎంతసేపు కావాలంటే అంతసేపు కోపంగా ఉండండి, ఎన్ని లారీలైనా ఖాళీగా పంపండి.

ఆదివారం మళ్ళీ వచ్చే ఈ లారీలోనే వస్తున్నా. గేటు బయట నిలబడి మామూలు గొంతుతోనే పిలుస్తాను, అరవను. వినపడకపోతే తలుపు దాకా వచ్చి పిలుస్తాను. అప్పటికీ వినపడకపోతే మీ మణికట్టు మీద చెయ్యి వేస్తాను.

మీ
పుల్లలమ్మ